తీతువు లేని చెరువు

చెరువుకొమ్ము, కంభం తాలూకా
ఈశ్వర నామ సంవత్సరం, అశ్వని కార్తె

చిరంజీవి సావిత్రికి మీ అత్త కొండమ్మ దీవించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాసుకున్న జాబు.

'చి.' పక్కన 'సౌ.' అని చెయ్యి దానంతటది పోబోయింది. పట్టుకుని ఆపినాను. నా కొడుకు పోయి ఏడాది కావస్తున్నా నా చేతికి ఇంకా తెలియలేదు.

మీ నాయన వచ్చి నిన్ను గిద్దలూరు తోలుకుపోయిన నాటి నుంచి నేను నీకొక కార్డు ముక్క వేయలేదు. ఎందుకు వేయలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని ఇప్పుడు తవ్వను. పని పడి రాస్తున్నాను.

మొన్న ఉగాదికి ఇల్లు అలుకుతూ అటక మీద సామాను దింపితే అంకన్న పలక కనపడింది. మార్కాపురం పలక, ఒక మూల విరిగింది. ప్రతి ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కు పోయే రోజుల్లో దాన్ని చంకన పెట్టుకొని పిట్టల వెంబడి తిరిగేవాడు గదా. ఎద్దులు కట్టరా అంటే 'ఉండమ్మా, జాముపొలంకలు నీళ్లకు వచ్చే వేళయింది' అనేవాడు. ఏ పిట్ట ఎక్కడ గూడు పెట్టింది, గుడ్డు ఏ రంగు, ఏం చేసింది, అంతా పలక మీద గీకి తెచ్చి చెబితే నువ్వు కాగితాల మీద రాసేదానివి. ఆ కాగితాలు మీ బడి పంతులు కరుణాకరం గారికి పోయేవి. పోయిన ఏడు పని సగంలో ఉండగా జ్వరం వచ్చి పడుకున్నాడు. లేవలేదు.

ఆ సగం నేను పూర్తి చేస్తాను. సగం చేను కోసి సగం వదిలేసే ఇల్లు కాదు మనది.

నేను వీధిబడిలో గుణింతాల దాకా చదివి, మా అమ్మ పోతే చెల్లెల్ని చంకనెత్తుకునే పనికి మళ్లినదాన్ని. నా ఒత్తులకు కాళ్లు విరిగి ఉంటాయి, నువ్వు కట్టు కట్టుకో. నేను చూస్తాను, నువ్వు మంచి కాగితం మీద రాసి పంతులుగారికి ఇయ్యి. పేరు మాత్రం వాడిదే ఉండాలి.

చేస్తావా చెయ్యవా, ఒక్క మాట రాయి. చెయ్యనంటే కంభం పోయి ఎవరో ఒకరిచేత రాయించుకుంటాను. నా పని ఆగదు.

కొండమ్మ


గిద్దలూరు
అశ్వని కార్తె చివర

పూజ్యులైన అత్తమ్మ గారికి సావిత్రమ్మ నమస్కరించి రాయునది.

మీ జాబు అందింది. చేస్తాను.

పంతులుగారి ఇంటికి వెళ్లి చెప్పినాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పిట్టల సంగతులు పోగుచేసే మద్రాసు వాళ్లు ఈ ఏడు పుస్తకం వేస్తున్నారట. మృగశిర కార్తె లోపల అందితే కంభం చెరువు పిట్టలన్నిటినీ ఒక భాగంగా పెట్టి, కింద మీ అబ్బాయి పేరు అచ్చు వేస్తారట. ఆలస్యమైతే మళ్లీ ఎప్పుడో చెప్పలేనన్నారు.

ప్రతి పిట్టకూ చోటు, గూడు, గుడ్డు, నడత కావాలి. ఇంకొకటి మీకు చెప్పక్కర్లేదు గానీ చెబుతున్నాను. రాసేటప్పుడు నేను ఎప్పుడైనా 'మా ఊళ్లో ఈ పిట్ట గురించి ఇట్ల అంటారు' అని కలిపితే మీ అబ్బాయి ఒప్పుకునేవారు కాదు. 'విన్నది వేరే పుస్తకంలో రాసుకో. ఇది చూసినదాని పుస్తకం' అనేవారు.

నాయన కులాసా. నేనూ బాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి ఎట్ల ఉంది?

సావిత్రమ్మ


చెరువుకొమ్ము
భరణి కార్తె

చిరంజీవి సావిత్రికి,

మోకాలు అడిగినావు. మోకాలు ఉంది, నడుస్తోంది. పిట్టల సంగతి విను.

జాముపొలంక. చోటు, చెరువు లోపల ఎండిన నేల. గూడంటూ లేదు, పశువు డెక్క గుంట చాలు దానికి. గుడ్డు పసుపు కలిసిన బూడిద రంగు, మచ్చలు. నడత వింటే నువ్వు నవ్వుతావు. పొద్దెక్కినాక మగపిట్ట నీళ్లలోకి దిగి రొమ్ము ఆనించి కూర్చుంది. తాగడం అయిపోయింది, లేవదు. ఏమి రోగమో అనుకున్నాను. రొమ్ము ఈకలు బాగా నానినాక ఎగిరిపోయింది. నేను అది వాలిన దిక్కుకు పోయి బండ చాటున కూర్చున్నాను. పిల్లలు ఆ తడి ఈకల్లో ముక్కులు పెట్టి చప్పరిస్తున్నాయి. పాలియ్యలేని తండ్రి చొక్కా తడుపుకొచ్చి పిల్లలకు నీళ్లు తాపుతున్నాడు! అంకన్న ఇది చూసినాడో లేదో పాత కాగితాల్లో వెతికి చెప్పు. చూడకపోతే కొడుకు కంటే తల్లి ఒకటి ఎక్కువ చూసినట్టు.

పసులపోలిగాడు. తుమ్మచెట్టు కొమ్మ పంగలో గూడు. గుడ్లు చూడనియ్యలేదు. కాకిని తరిమింది, గద్దను తరిమింది, చివరికి నా కొప్పు మీద తన్నింది. ఎవరికీ భయపడదు అని రాయి.

పసిరిక పిట్ట. కట్ట మట్టిలో బొరియ తొలిచి లోపల పెట్టింది. నా చెయ్యి మోచేతి దాకా పోయినా గుడ్డు తగల్లేదు. పాముంటే ఏం చేస్తావని నువ్వు అడుగుతావు. లేదు గదా, ఇంక ఎందుకు అడగడం.

మీ చినమామ పిచ్చయ్య కట్ట మీద నిలబడి, "వదినా, కొడుకు పిచ్చి నీకూ పట్టిందా ఏంది? ఊరంతా నవ్వుతాంది" అన్నాడు.

"నవ్వనీ. పళ్లు ఎండకు ఆరతాయి" అన్నాను.

చెరువు ఒండులో ఏటా దోసపాదులు వేసే ఖుద్దూస్ సాయిబు మాత్రం నవ్వలేదు. "అక్కా, అంకన్న కూచునే రాయి ఇదే. దీని మీద కూచో, తుమ్మ నీడ ఇటే తిరుగుతాది" అని చూపించినాడు. రాయి నడుమ కొంచెం నునుపు తేలి ఉంది. కూర్చున్నాను. ఆ పూట ఏ పిట్టనూ రాయలేదు.

కొండమ్మ


గిద్దలూరు
భరణి కార్తె చివర

పూజ్యులైన అత్తమ్మ గారికి,

పాత కాగితాలన్నీ వెతికినాను. జాముపొలంక రొమ్ము తడుపుకోవడం ఆయన చూడలేదు. తల్లి ఒకటి ఎక్కువే చూసింది. పంతులుగారు ఆ ముక్క రెండుసార్లు నాచేత చదివించుకొని, "ఈమెకు నా నమస్కారం రాయమ్మా" అన్నారు. రాసినాను.

ఆ తర్వాత మొత్తం చూసి ఒక మాట అడిగినారు. తీతువు ఏది అని. ఎండాకాలం చెరువు లోపల రాళ్లలో గుడ్లు పెట్టే పిట్టల్లో అదే మొదటిదట. అది లేకుండా కాగితాలు పోతే మద్రాసు వాళ్లు మిగిలినవి కూడా నమ్మరట. చెరువు దగ్గరికే పోకుండా ఇంట్లో కూర్చొని రాసినారంటారట. నమ్మకపోతే అచ్చు వేయరు, ఆయన పేరూ ఉండదు.

పోయిన ఏటి కాగితాల్లోనూ అది లేదు. దాన్ని చూడటం పూర్తి కాకుండానే ఆయన పడుకున్నారు. కాబట్టి మీరే చూసి రాయాలి.

ఎండలో గొడుగు లేకుండా తిరగవద్దు.

సావిత్రమ్మ


చెరువుకొమ్ము
కృత్తిక కార్తె

సావిత్రికి,

ఈ చెరువులో తీతువు లేదు. అట్లనే రాయి.

ఉన్నా నా చేత్తో రాయను. పోయిన ఏడు వాడు మంచం మీద ఉన్నన్ని రోజులూ అది మన ఇంటి నెత్తిన కూసింది. పొద్దున కూసింది, మాపు కూసింది. పిచ్చయ్య రాళ్లు విసిరినాడు, నేను చేట కొట్టినాను. పోలేదు. కూసి కూసి నా బిడ్డను పిలుచుకుపోయింది. తీతువు కూస్తే చావు అని పుట్టినప్పటి నుంచి వింటున్నాను, నా ఇంట్లోనే నిజమైంది.

నువ్వు కాపురానికి వచ్చినాకనే అది మన మిద్దె పట్టిందని ఊళ్లో వాళ్లు నీకు 'తీతువు కోడలు' అని పేరు పెట్టినారు. పెట్టింది నేను కాదు. పెట్టినవాళ్ల నోరు నేను మూయలేదు. మీ నాయన బండి కట్టిస్తుంటే వద్దని కూడా అనలేదు. తవ్వనన్నదాన్ని నాచేతనే తవ్వించినావు.

ఇంక ఆ పిట్ట పేరు నాకు రాయవద్దు.

కొండమ్మ


గిద్దలూరు
కృత్తిక కార్తె

అత్తమ్మ గారికి,

ఆ పేరు రాయను. మృగశిరకు ముందు ఉన్న కాగితాలు ఉన్నట్టు ఇచ్చేస్తాను, నమ్మితే నమ్ముతారు. కానీ చెరువులో లేదని మాత్రం నా చేత్తో రాయలేను. అక్కడ ఖాళీ వదులుతాను.

ఒక్కటి అడుగుతాను. వానలకు ముందు మిద్దెకు కొత్త చౌడు మన్ను పరిపిస్తారు గదా. ఈ ఏడు మన్ను పైకి ఎక్కక ముందు మీరు నిచ్చెన ఎక్కి తూర్పు మూల చూడండి. చినమామ గారిని పంపవద్దు. మీరే.

ఇంతకంటే చెప్పను. నేను చెబితే మీకు విన్నది అవుతుంది. చూస్తే చూసింది అవుతుంది.

సావిత్రమ్మ


చెరువుకొమ్ము
రోహిణి కార్తె

సావిత్రీ,

నీ కార్డు చదివి కోపంగా తిరిగినాను. నాకు నిచ్చెన ఎక్కమని చెప్పేంత ధైర్యం దీనికి ఎక్కడిదా అనుకున్నాను. రోళ్లు పగిలే ఎండ, దానికి తోడు నా కోపం. ఇంట్లో పిల్లి కూడా నాకు ఎదురు రాలేదు.

ఈలోగా పిచ్చయ్య బండెడు చౌడు తోలి వాకిట్లో పోసినాడు. "పోయినేడు మనోడు మంచాన పడి పరిపించనే లేదు వదినా. ఈసారి కూడా ఊరుకుంటే మిద్దె నెత్తిన పడతాది" అని నిచ్చెన వేసినాడు. మెట్టు మీద కాలు పెట్టినాడో లేదో, పైన కూసింది.

అదే కూత. నాకు భయమేసింది, అబద్ధమెందుకు.

"చూసినావా, మళ్లీ వచ్చింది శని. ఈసారి ఎవరికో!" అని పిచ్చయ్య కర్ర అందుకున్నాడు.

నీ మాట చెవిలో మెదిలింది. "కర్ర కింద పెట్టు. నేను ఎక్కుతా" అన్నాను.

"నీ మోకాళ్లకు నిచ్చెనా?"

"మోకాళ్లు నావి, మిద్దె నాది. నువ్వు నిచ్చెన పట్టుకో, చాలు."

ఎక్కినాను. అది నా తల మీదికే వచ్చింది. నేను చెంగు కప్పుకొని తూర్పు మూలకు ఒక్కొక్క అడుగే వేసినాను. మొదట ఏమీ కనపడలేదు, మిద్దె మీద ఉండే గులకరాళ్లే. చూడగా చూడగా అందులో నాలుగు రాళ్లు కావని తెలిసింది. మన్ను రంగు, నల్ల మచ్చలు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిప్పి పెట్టి ఉన్నాయి.

ఒక అడుగు ముందుకు వేసినాను. గొంతు చించుకుంది. వెనక్కు వచ్చినాను, తగ్గింది. మళ్లీ ముందుకు పోయినాను, మళ్లీ అరిచింది. నా మొద్దు బుర్రకు ఎక్కేదాకా అట్ల చేసి, ఆ చివర ఇంట్లోకి వెలుతురు వచ్చే గవాచి పక్కన గోనెపట్టా కప్పుకొని కూర్చున్నాను. కింద పిచ్చయ్య "వదినా, ఉన్నావా పోయినావా?" అని కేకలు. నేను గోనెపట్టా ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

కూత ఆగింది. పిట్ట దిగింది. గుడ్ల మీద వెంటనే కూర్చోలేదు. ఎండకు మిద్దె పెనంలా కాలుతోంది. దాని పొట్ట కింది ఈకలన్నీ తడిసి అతుక్కొని ఉన్నాయి. చెరువుకు పోయి తడుపుకొచ్చింది సావిత్రీ. ఆ తడి మెల్లగా గుడ్లకు ఆనించింది. అది ఆరినాక జతపిట్ట వచ్చింది, అదీ తడిసే వచ్చింది. ఇది లేచింది, అది కూర్చుంది.

పోయిన ఏడు ఇదే మిద్దె కింద, ఇదే ఎండల్లో, నేను వాడి నుదుట తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. నేను లేస్తే నువ్వు కూర్చునేదానివి. పైన అవి, కింద మనం.

వాడికి గాలాడాలని పొద్దున గవాచి మూత తీయడానికి, మాపు మూయడానికి పిచ్చయ్య మిద్దె ఎక్కేవాడు. అది పొద్దున, మాపు కూసింది. అది కూసిందని చావు రాలేదు. మనం ఎక్కినామని అది కూసింది.

పిచ్చయ్యను పైకి రమ్మని చూపించినాను. వంగి నాలుగూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "రోజూ ఎక్కినా గదా వదినా, నాకు కనపడలేదేంది?" అన్నాడు.

"నువ్వు విన్నావు. చూడలేదు. నేనూ అంతే" అన్నాను. "చౌడు కుప్ప అట్లనే ఉండనీ. పిల్లలు దిగినాక పరిపిద్దాం."

"ఈలోగా వాన పడితే?"

"తడుద్దాం. ఉప్పురాళ్లమా కరగడానికి?"

ఇప్పుడు నేను అడుగుతాను. నీకు ఇది పోయిన ఏడే తెలుసు. మిరపకాయలు ఎండబెట్టడానికి నువ్వు తప్ప ఆడవాళ్లెవరూ ఎక్కకుండా నిచ్చెన దగ్గర కాపలా ఉండేదానివి. తెలిసీ ఎందుకు నోరు మెదపలేదు? ఆ పేరు పెట్టి పిలుస్తుంటే ఎందుకు మోసినావు? కోపంతో అడగడం లేదు. దాచకుండా రాయి.

కొండమ్మ


గిద్దలూరు
రోహిణి కార్తె

అత్తా,

గారు అని రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

గుడ్లను మొదట చూసింది ఆయనే. మిద్దె మీద పెట్టిన తీతువును అంతకుముందు ఎప్పుడూ చూడలేదట. చిన్నపిల్లవాడిలాగా నన్ను చెయ్యి పట్టుకొని పైకి తీసుకుపోయినారు. "చినాయన చూస్తే పారేస్తాడు, అమ్మ చూస్తే భయపడతాది. పిల్లలు దిగేదాకా మనిద్దరికే తెలియాల" అన్నారు. తర్వాత కొద్ది రోజులకే జ్వరం.

మీరందరూ ఆ కూతకు చెవులు మూసుకునేవారు. ఆయన మంచం మీద పడుకొని దానికోసమే చెవి ఒగ్గేవారు. "కూస్తాంది సావిత్రీ. అంటే గుడ్లు ఉన్నాయి" అనేవారు. అది వినిపించినాకనే గంజి తాగేవారు. చివరి రోజు మాట రాలేదు గదా. కూత వినపడగానే వేలెత్తి పైకి చూపించినారు. దేవుణ్ణి చూపిస్తున్నాడని అందరూ గోవిందా అన్నారు. ఆయన నా వైపు చూస్తున్నారు. ఉన్నాయి అని నేను తల ఊపినాను.

ఆయన పోయినాక ఎట్ల చెప్పేది అత్తా? చెప్పిన గంటలోనే గుడ్లు పగిలిపోయేవి. పేరు మోస్తే పోయేదేముంది, పిల్లలు దిగితే చాలనుకున్నాను. కర్మ నాడు మీరంతా చెరువు దగ్గర ఉన్నారు. నేను వాకిట్లో ఒక్కదాన్నే. తల్లి కింద నిలబడి పిలిచింది, నాలుగూ మిద్దె మీద నుంచి దూకినాయి, దూది ఉండల్లాగా. గట్టి నేల మీద పడి ఒకటి లేవలేదు. మూడు తల్లి వెంబడి చెరువు దారి పట్టినాయి. ఆ సంగతి వినడానికి ఆయన లేరు. మీకు చెబుదామంటే మీరు నా ముఖం చూడటం లేదు. మరునాడు నాయన వచ్చినారు.

మోసినందుకు నాకు చింత లేదు. ఆయన నాకు అప్పజెప్పిన పని చేసినాను.

సావిత్రి


చెరువుకొమ్ము
రోహిణి కార్తె

నా బిడ్డ సావిత్రికి,

ఏడాదిగా నేను దేవుణ్ణి తిట్టుకుంటున్నాను, స్వామీ, నా కొడుకు చివరికి నిన్ను చూపిస్తే నువ్వు చేసింది ఇదా అని. వాడు చూపించింది నాలుగు గుడ్లని తెలిసినాక ఏడ్చినాను, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. దేవుడికి క్షమించమని ఒక కొబ్బరికాయ కొట్టినాను. నీకు కొట్టడానికి కొబ్బరికాయ లేదు, ఈ ఉత్తరం ఉంది.

నిన్న ఖుద్దూస్ దోసపాదుల దగ్గరికి పోయి చూసినాను. అక్కడా ఉన్నాయి. "ఇన్నాళ్లూ నీ ముందే తిరుగుతున్నాయి గదక్కా, నువ్వే మొగం తిప్పుకుంటివి" అన్నాడు. అవును, తిప్పుకున్నాను. ఖాళీ వదిలిన చోట ఇది రాయి, ఒక్క ముక్క తీసెయ్యవద్దు:

తీతువు. చోటు, కంభం చెరువు లోపల రాళ్లలో. అంకన్న ఇంటి మిద్దె మీద తూర్పు మూలన కూడా. గూడు, గులకరాళ్లు. గుడ్లు నాలుగు, మన్ను రంగు, నల్ల మచ్చలు. నడత, ఎండకు పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది, ఆడా మగా వంతులు వేసుకొని. ఎవరైనా దగ్గరికి పోతే కూస్తుంది. చావుకు కూయడం మేము చూడలేదు. చూసినవారు అంకన్న, అతని భార్య సావిత్రమ్మ, తల్లి కొండమ్మ.

పేరు వాడిదొక్కటే ఉండాలని మొదట అన్నాను. ఇప్పుడు మూడూ ఉండాలి. పంతులుగారితో నేను చెప్పినానని చెప్పు.

బావి దగ్గర ఒకామె, "ఏం కొండమ్మా, మళ్లీ మీ మిద్దె మీద తీతువంట గదా" అని గొంతు తగ్గించి అడిగింది. "అవును, మా కోడలి పిట్ట. గుడ్లు పెట్టింది. చూడాలంటే రా, నిచ్చెన నేను పట్టుకుంటా" అన్నాను. కడవ నింపుకోకుండానే పోయింది.

కాగితాలు పంతులుగారి చేతికిచ్చి, పెట్టె సర్దుకొని రైలెక్కు. కంభం స్టేషనుకు పిచ్చయ్య బండి కడతాడు. నేను చెప్పలేదు, తానే అన్నాడు. సిగ్గుతో ముఖం చాటేస్తే నువ్వే ముందు పలకరించు, లేకపోతే దారంతా ఎద్దులతోనే మాట్లాడతాడు. మీ నాయనకు చెప్పు, కొండమ్మ అడుక్కోవడం లేదు, ఇంటికి పిలుస్తోందని.

గుడ్లు ఇంకా పగలలేదు. పగిలితే ఎక్కువసేపు పైన ఆగవు, దూకుతాయి. ఈసారి ఒక్కటి కూడా గట్టి నేల మీద పడగూడదు. మిద్దె చుట్టూ వరిగడ్డి మందంగా పరుస్తున్నాను. తూర్పు వైపు అయిపోయింది. పడమటి వైపు నీకు వదిలిపెట్టినాను.

కొండమ్మ